నాలుగు చక్రాల ఏరియేటర్: బరువు తగ్గింది, బిల్లు తగ్గలేదు

రొయ్యల చెరువు నీళ్లకు ఆక్సిజన్ పట్టించే ఈ యంత్రం కొనొచ్చా అంటే కొనొచ్చు. షాపువాడు ఆటో ఎక్కించింది ఎక్కించినట్టు తెచ్చి చెరువులోకి తోసేస్తే మాత్రం రొయ్య పట్టే రోజు దాకా నిలబడుతుందని పూచీ ఇవ్వలేం.

ఆకివీడు, భీమవరం, మొగల్తూరు వైపు చూసినా, గోదావరి దాటి సఖినేటిపల్లి, అల్లవరం, కాట్రేనికోన వైపు చూసినా ఆక్వా షాపుల ముందు ఫ్లోట్లు (యంత్రాన్ని నీళ్ల మీద తేల్చేవి), చక్రాలు దొంతర్లుగా పేర్చి ఉంటాయి. వాటిలో ఎక్కువగా అమ్ముడయ్యేది 2 హెచ్‌పీ, నాలుగు చక్రాల యంత్రం. స్టిక్కర్లు పది రకాలు. విప్పి చూస్తే చాలావాటి సంగతి ఒకటే: మోటారు ఒక ఊరిది, గేర్‌బాక్స్ ఇంకో ఊరిది లేదా చైనా కంటైనర్లో దిగింది, ఫ్లోట్లు మూడో ఊరివి, ఫ్రేము ఇక్కడి షెడ్డులో వెల్డింగ్ చేసింది. మనం ‘లోకల్ తయారీ’ అంటున్నది ముప్పాతిక వంతు బిగింపే. అందులో తప్పేం లేదు, బిగింపు శుభ్రంగా ఉంటే యంత్రం శుభ్రంగానే నడుస్తుంది. ఒక భాగం దొరకనప్పుడల్లా దాని స్థానంలో చవకది పెట్టేసి, ఆ మాట బిల్లు మీద రాయకపోవడం దగ్గరే పేచీ అంతా. అందుకే ఈ సమీక్షలో యంత్రాల కంపెనీ పేర్లు లేవు. నిరుడు బాగున్న స్టిక్కరు కిందే ఈ ఏడు నాసి సరుకు రావచ్చు. పేరు చూసి కొనేకంటే భాగం చూసి కొనడం మేలు.

ముందు ఈ యంత్రం ఏం చేయాలో చూద్దాం. మోటారు నిమిషానికి 1440 చుట్ల దగ్గర తిరుగుతుంది. గేర్‌బాక్స్ దాన్ని సుమారు 14వ వంతుకు తగ్గిస్తే చక్రం 100 చుట్ల దగ్గర తిరుగుతుంది. రెక్క నీళ్లలో 9 నుంచి 11 సెంటీమీటర్లు మునగాలి. అంతకంటే తక్కువైతే నీళ్లు చిమ్మడమే తప్ప చెరువులో ప్రవాహం పుట్టదు. ఎక్కువైతే మోటారు మీద బరువు పడి ఆంపియర్లు ఎక్కుతాయి. వనామీ రొయ్యకు డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూసుకోవాలి, 3కి జారితే మేత మానేస్తుంది. తెల్లవారుజామున 3 నుంచి 5 గంటల మధ్య డీవో అట్టడుగున ఉంటుంది, మబ్బు పట్టిన మర్నాడు ఇంకా కిందికి పోతుంది. లెక్కకు 400 నుంచి 500 కిలోల రొయ్యకు 1 హెచ్‌పీ చొప్పున వేసుకుంటారు. ఎకరం చెరువులో 3 టన్నులు తీద్దామనుకుంటే 6 నుంచి 7.5 హెచ్‌పీ, అంటే మూడు నాలుగు యంత్రాలు. నాలుగింట్లో ఒకటి ఆగిందంటే పావు వంతు ఊపిరి తీసేసినట్టే. ఆ ఆగడం పగటిపూట జరగదు కదా.

మోటారు: అసలు కథ తీగలో ఉంది

యంత్రం ఖరీదులో పెద్ద వాటా మోటారుది, మోసంలోనూ పెద్ద వాటా దానిదే. పదేళ్ల కిందటి 2 హెచ్‌పీ మోటారునూ ఇప్పటి చవక మోటారునూ రెండు చేతులతో ఎత్తి చూస్తే తేడా చేతికే తెలిసిపోతుంది. బయటి బాడీ అదే కొలత, అదే రంగు. లోపల రాగి పోయి అల్యూమినియం వచ్చింది, స్టాంపింగ్ (తీగ చుట్టే ఇనుప రేకుల దొంతర) పొడవు తగ్గింది.

దీని వెనక కారణం షాపువాడి దురాశ ఒక్కటే అనుకుంటే అన్యాయం. ఏటా 4 లక్షల టన్నుల రాగి తీయగల తూత్తుకుడి కర్మాగారం 2018 మేలో మూతపడింది. అప్పటిదాకా శుద్ధి చేసిన రాగిని బయటికి పంపిన దేశం కాస్తా బయటినుంచి కొనుక్కునే దేశమైంది. 2021 మేలో లండన్ మార్కెట్లో టన్ను రాగి 10,000 డాలర్లు దాటింది. పెద్ద కంపెనీలు ముందే ఒప్పందాలు చేసుకుని సరుకు తెచ్చుకుంటాయి. నెలకు రెండు వందల మోటార్లు చుట్టే చిన్న యూనిట్ రోజు ధరకే తీగ కొనాలి. ఇటు మన రైతు పాత ధరకే యంత్రం కావాలంటాడు. మధ్యలో తెగిపోయింది తీగే.

అల్యూమినియం తీగ పెట్టడమే పాపమని కాదు. అది కరెంటును రాగిలో 61 శాతం మాత్రమే మోస్తుంది కాబట్టి అదే పనికి అడ్డుకోత వైశాల్యం 1.6 రెట్లున్న లావు తీగ కావాలి. లావు తీగ పట్టాలంటే స్లాటు (తీగ కూర్చునే గాడి) పెద్దది కావాలి, అంటే స్టాంపింగ్ మారాలి, బాడీ మారాలి. అవన్నీ మార్చి చేసిన అల్యూమినియం మోటారు బాగానే నడుస్తుంది. మన దగ్గర అమ్ముతున్న చవక రకంలో స్లాటు పాతదే, తీగ లావూ ఇంచుమించు పాతదే, లోహం మాత్రం మారింది. కాబట్టి వేడెక్కుతుంది. ఇన్సులేషన్ మీద 10 డిగ్రీల వేడి అదనంగా ఎక్కితే దాని ఆయుష్షు సగమవుతుందన్నది వైండింగ్ పనివాళ్లంతా చెప్పే లెక్క. మే నెలలో గట్టు మీద ఎండ, పైన మూత, రోజుకు 18 గంటల నడక. ఇక చెప్పేదేముంది.

రాగో కాదో తేల్చుకోవడానికి టెర్మినల్ బాక్సు తెరిచి చూడటం చాలదు. అక్కడికి వచ్చే కొసలు మెత్తని రాగి వైర్లే ఉంటాయి, అతుకు లోపల స్లీవు కింద దాక్కుంటుంది. రోటరులో, అంటే తిరిగే భాగంలో, అల్యూమినియం కనిపిస్తే కంగారు పడొద్దు, మంచి మోటార్లలోనూ రోటరుకు అల్యూమినియమే పోత పోస్తారు. చూడాల్సింది స్టేటరు, అంటే కదలని భాగంలోని తీగ చుట్ట. వెనక మూత నాలుగు బోల్టులూ విప్పి, చుట్ట తలకాయ మీద ఒక తీగ ఎనామిల్‌ను బ్లేడుతో గీకితే ఎర్రగా ఉందో తెల్లగా ఉందో తెలుస్తుంది. ఈ మధ్య దీనికీ విరుగుడు వచ్చింది. పైన పలచగా రాగి పూసిన అల్యూమినియం తీగ గీకినా ఎర్రగానే కనిపిస్తుంది. దాన్ని పట్టుకోవాలంటే తీగ ముక్క కత్తిరించి కొసను భూతద్దంలో చూడాలి: చుట్టూ సన్నని ఎర్ర అంచు, నడిమధ్య వెండిలా తెల్లని చుక్క. పైన పటారం, లోన లొటారం అంటే ఏమిటో ఆ చుక్కలో కనిపిస్తుంది. కొత్త మోటారు తీగ కత్తిరించనివ్వరు, నిజమే. పది యంత్రాలు కొనేవాళ్లు ఒక మోటారును పరీక్షకు పెట్టినా నష్టం లేదు. ఒకటీ రెండూ కొనేవాళ్లకు వేరే దారి ఉంది.

ఆ దారి టాంగ్ టెస్టర్, అంటే వైరు చుట్టూ పట్టించి ఆంపియర్లు చూసే మీటరు. మోటారును గేర్‌బాక్స్ నుంచి విడదీసి, 415 వోల్టుల దగ్గర ఒట్టిగా తిప్పి ఆంపియర్లు చూడండి. 2 హెచ్‌పీ మంచి మోటారు ఒట్టిగా తిరిగితే 1.6 నుంచి 2 ఆంపియర్ల మధ్య తీసుకుంటుంది. 2.5 దాటుతుంటే స్టాంపింగ్ నాసిరకం లేదా పొడవు తగ్గించారు. మూడు ఫేజుల్లో రీడింగ్ ఒకేలా ఉండాలి, ఒకదానికీ ఇంకోదానికీ పది శాతానికి మించి తేడా ఉంటే చుట్లు సమానంగా లేవు, లేదంటే సప్లైలోనే తేడా ఉంది. ఏది కారణమో తెలియాలంటే మూడు వైర్లనూ ఒక్కో స్థానం జరిపి మళ్లీ చూడండి: ఎక్కువ రీడింగ్ వైరుతోపాటు జరిగితే దోషం లైనుది, మోటారు చుట్టతో ఉండిపోతే మోటారుది. నిండు బరువు మీద 3.4 ఆంపియర్లు దాటకూడదు.

నేమ్‌ప్లేటు మీద ఐఎస్ 12615 (మోటార్ల భారతీయ ప్రమాణం), ఐఈ2 లేదా ఐఈ3 (సామర్థ్య తరగతులు, అంకె పెరిగేకొద్దీ మేలు) అని ఉందో లేదో చూడండి. చాలా చవక రకాల మీద ‘2 హెచ్‌పీ, 3 ఫేజు, 1440’ తప్ప ఏమీ ఉండదు. కాగితం మీద ఈ తేడా చిన్నదే: 1.5 కిలోవాట్ల, అంటే 2 హెచ్‌పీ, నాలుగు పోల్ మోటారుకు ఐఈ1 సామర్థ్యం 77.2 శాతం, ఐఈ2కు 82.8. నిండు బరువు మీద గంటకు 0.13 యూనిట్లు. రోజుకు 18 గంటలు, 110 రోజుల పంట అనుకుంటే ఒక్కో యంత్రానికి పంటకు 260 యూనిట్లు. ఎనిమిది యంత్రాలున్న చెరువుకు 2,000 యూనిట్లు పైమాటే. చవక మోటారు మీద మిగిలిన డబ్బు ఎటు పోతుందో కరెంటు బిల్లు చెబుతుంది. జనరేటర్ మీద నడిపే గంటలకు డీజిలూ అదే నిష్పత్తిలో తాగుతుంది.

స్టీలు: అయస్కాంతం చెప్పని నిజం

ఫ్రేము, షాఫ్టు, బోల్టులు అన్నిటికీ ‘304 స్టీలండీ’ అని, అంటే తుప్పును బాగా తట్టుకునే రకమని చెబుతారు. అయస్కాంతం పెట్టి చూపిస్తారు, అంటుకోదు. ఆ పరీక్ష ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే 202 అనే చవక రకానికీ అయస్కాంతం అంటుకోదు. 304లో క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం ఉంటాయి. 202లో నికెల్‌ను 4 నుంచి 6 శాతానికి దించి ఆ లోటును మాంగనీసుతో పూడుస్తారు. వంటింటి గిన్నెకు ఇబ్బంది లేదు. ఉప్పు నీళ్లలో తేడా పంట తిరిగేసరికి కనిపిస్తుంది, వెల్డింగ్ చుట్టూ టీ మరకల్లాంటి తుప్పు, తర్వాత సూదిమొన గుంటలు, చివరకు బోల్టు మెడ దగ్గర విరిగిపోవడం.

నికెల్ మన దేశంలో దాదాపు తీయం, బయటినుంచి రావాల్సిందే. 2020 జనవరిలో ఇండోనేషియా నికెల్ ఖనిజం ఎగుమతి ఆపేసింది. 2022 మార్చి 8న లండన్‌లో టన్ను ధర 1,00,000 డాలర్లు దాటేసరికి బేరాలే నిలిపేశారు. ఆ కుదుపుల్లో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్లు 202 పైపుకు మళ్లడం అర్థం చేసుకోవచ్చు. ధర దిగాక వెనక్కి ఎందరు వచ్చారు అంటే మాత్రం చేతి వేళ్లు చాలు అనిపిస్తుంది.

పరీక్ష తేలిక. స్టీలు పాత సామాన్ల వ్యాపారులు వాడే చిన్న సీసా మందు ఒకటి ఉంటుంది, దాంతోపాటు 9 వోల్టుల బ్యాటరీ. పైపు మీద ఒక చుక్క వేసి, బ్యాటరీ ఒక కొస పైపుకూ, ఇంకో కొస చుక్కకూ తాకించి కొన్ని సెకన్లు ఆగాలి. మాంగనీసు ఎక్కువున్న స్టీలైతే చుక్క ఎర్రబడుతుంది. 304 అయితే అలా ఎర్రబడదు. పైపు మీద ఒక చోట చేసి ఊరుకోవద్దు. ఫ్రేము 304 ఇచ్చి బోల్టులు 202 వేసేవాళ్లున్నారు, షాఫ్టు అయితే మరీను. బోల్టు తల మీద ‘ఏ2-70’ అన్న ముద్ర ఉంటే అది 304 తరగతిది. ముద్రే లేని బోల్టును మూడు నెలల తర్వాత విప్పాలంటే స్పానరు కంటే గ్రైండరు ముందు అందుకోవాలి.

అంతర్వేది, భైరవపాలెం వైపు సముద్రానికి దగ్గరున్న చెరువుల్లో 304 కూడా పూర్తి భరోసా కాదు. ఆ ఉప్పుకు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉన్న 316 కావాలి, కానీ ఈ ధరల్లో ఎవరూ ఇవ్వరు, అడగడమూ అనవసరం. షాఫ్టు, బోల్టులు మాత్రం 316వి విడిగా తెప్పించి మార్చుకుంటే సరిపోతుంది. భీమవరం, ఉండి చుట్టుపక్కల బోరు నీళ్లతో నడిచే తక్కువ ఉప్పు చెరువులకు నిఖార్సైన 304 చాలు.

ఫ్లోట్లు, చక్రాల గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఫ్లోటును ఎండకు ఎదురుగా ఎత్తి పట్టి మూలలు చూడండి, ఊది పోసిన ప్లాస్టిక్ మూలల దగ్గర పలచబడుతుంది, వెలుగు అక్కడ ఎక్కువగా కనిపిస్తుంది. అదే వరసలోని రెండు ఫ్లోట్లను తూకం వేయండి. పాత ప్లాస్టిక్ కరిగించి కలిపిన ఫ్లోటు రెండో వేసవికి పెళుసుబారి బోల్టు రంధ్రం దగ్గర చీలుతుంది. చీలి నీళ్లు చేరితే ఆ పక్క దిగబడి రెక్కలు 15 సెంటీమీటర్ల దాకా మునుగుతాయి, మోటారు కాలేది అప్పుడే. మోటారు కాలిందని మోటారు మార్చి, ఫ్లోటు అలాగే వదిలేస్తే రెండోదీ కాలుతుంది. చక్రం రెక్కను చేత్తో వంచి వదిలితే తిరిగి నిలవాలి, మడత పడిన చోట తెల్లగా గీత వస్తే వద్దు.

గేర్‌బాక్స్, సీళ్లు, బేరింగులు

గేర్‌బాక్సులు రెండు రకాలు దొరుకుతున్నాయి: వర్మ్ రకం (మర లాంటి కడ్డీ పళ్ల చక్రాన్ని తిప్పేది), క్రౌన్-పినియన్ రకం (చిన్న పళ్ల చక్రం పెద్దదాన్ని తిప్పేది). వర్మ్ రకం చవక, శబ్దం తక్కువ, కానీ రాపిడి మీద నడుస్తుంది కాబట్టి వేడెక్కుతుంది, మోటారు శక్తిని కొంత తినేస్తుంది. దానిలోని పళ్ల చక్రం ఫాస్ఫర్ బ్రాంజ్‌ది (ఒక రకం కంచు) అయి ఉండాలి. దాని బదులు మామూలు ఇత్తడి వేస్తే ఆరు నెలల్లో పళ్లు కత్తి అంచుల్లా సన్నబడతాయి. విప్పకుండా తెలుసుకోవాలంటే నూనె చూడాలి. ఇరవై రోజులు నడిపాక, అంటే సుమారు 360 గంటల తర్వాత, కింది ప్లగ్గు తీసి నూనె తెల్ల గిన్నెలోకి వంచండి. సన్నని పొడిలా కొంత లోహం రావడం మామూలే, కొత్త పళ్లు సర్దుకుంటున్నాయి. పసుపు రేకులు మెరుస్తుంటే చక్రం అరుగుతోంది. నూనె పాలరంగుకు తిరిగితే సీలు (షాఫ్టు చుట్టూ నూనెనూ నీళ్లనూ ఆపే రింగు) దాటి నీళ్లు చేరాయి. ఈ మొదటి నూనె మార్పు చేయనివాళ్లే ఎక్కువ. తర్వాత పంటకొకసారి మార్చితే చాలు. ఏ నంబరు నూనె అన్నది గేర్‌బాక్స్ మీద ఉన్న రేకు చూసి పోయండి. ఇంజను నూనె మిగిలిందని పోస్తే సీళ్లకూ పళ్లకూ చేటు.

నూనె సీలు మీద మూడు అంకెలుంటాయి, ఉదాహరణకు 30-47-7: షాఫ్టు లావు, బయటి వ్యాసం, మందం, అన్నీ మిల్లీమీటర్లలో. రెండు పెదాల సీలు అడగండి, నీళ్ల వైపు పెదవి బురదను ఆపుతుంది. కొత్త సీలు వేసినా కారుతోందంటే దోషం సీలుది కాకపోవచ్చు. పాత సీలు ఒకే చోట ఒరుసుకుని షాఫ్టు మీద గోరు తగిలేంత గాడి పడి ఉంటుంది. సీలును 2 మిల్లీమీటర్లు లోపలికో బయటికో జరిపి కూర్చోబెడితే పెదవి గాడి తప్పి నున్నని చోటికి వస్తుంది. పది రూపాయల ఉపాయం, గేర్‌బాక్స్ బతికిస్తుంది.

బేరింగుల్లో రేకు మూత రకం కాకుండా రబ్బరు మూత రకం తీసుకోండి. డబ్బా మీద 6205 జడ్‌జడ్ అంటే రేకు మూత, 6205 2ఆర్‌ఎస్ అంటే రబ్బరు మూత. తుంపర్లలో రేకు మూత ఆగదు. సీజన్లో కొరత రాగానే నకిలీ బేరింగులు దిగుతాయి. ఎస్‌కేఎఫ్ బేరింగుల కంపెనీ వాళ్లకు డబ్బా ఫొటో తీసి సరిచూసుకునే యాప్ ఉంది, వాడుకోండి. ఎన్‌బీసీ లాంటి దేశీ బేరింగులు ఈ పనికి బాగానే సరిపోతాయి, సరైన డీలరు దగ్గర కొంటే. విడిగా పాలిథిన్ కవరులో, డబ్బా లేకుండా ఇచ్చే బేరింగు ఎంత చవకైనా వద్దు.

స్పేరు దొరకదు, దొరికినా పట్టదు

ఈ యంత్రం మీద అసలైన ఫిర్యాదు ఇదే. ఉగాది దాటి ఎండలు ముదిరాక, చెరువులన్నీ ఒకే వయసులో ఉన్నప్పుడు, అందరికీ ఒకేసారి గేర్‌బాక్స్ కావాలి. ఏప్రిల్, మే నెలల్లో షాపుకు వెళ్తే కొత్త యంత్రం ఉంటుంది, విడి గేర్‌బాక్స్ ఉండదు. ఉన్న గేర్‌బాక్సులన్నీ బిగింపుకు పోతాయి, ఎందుకంటే విడిగా అమ్మితే వచ్చేదానికంటే పూర్తి యంత్రంలో అమ్మితే లాభం ఎక్కువ. కంటైనరు రావడం ఆలస్యమైందంటారు. కొన్నిసార్లు నిజమే, 2021లో కంటైనర్ల అద్దెలు ఆకాశానికెక్కినప్పుడు నెలల తరబడి రాలేదు. ఇప్పుడు చెప్పే ప్రతి ఆలస్యమూ కంటైనరుదే అంటే నమ్మడం కష్టం.

రెండో చిక్కు కొలతలు. ఒకే స్టిక్కరు కింద నిరుడు కొన్న యంత్రానికీ ఈ ఏడు కొన్నదానికీ బోల్టు రంధ్రాల దూరం వేరు, కీవే (షాఫ్టు మీద చీల కూర్చునే గాడి) ఒకదానికి 6 మిల్లీమీటర్లు, ఇంకోదానికి 8, కప్లింగ్ (రెండు షాఫ్టులను కలిపే ముక్క) రంధ్రాలు ఒకదానికి నాలుగు, ఇంకోదానికి మూడు. షెడ్డువాడు ఆ నెల ఏ గేర్‌బాక్స్ దొరికితే దానికి తగ్గట్టు ఫ్రేము కోశాడు. పది యంత్రాలు నాలుగు విడతల్లో కొంటే నాలుగు రకాల స్పేర్లు పెట్టుకోవాలి, ఎవరూ పెట్టుకోరు. ఒక యంత్రం పాడైతే పక్కదాని నుంచి తీసి వేయడమూ కుదరదు. తయారీ నాణ్యత అనగానే అందరూ లోహం గురించి మాట్లాడతారు. నా లెక్కలో ఈ కొలతల గందరగోళం లోహం కంటే పెద్ద లోపం, ఎందుకంటే దాన్ని సరిచేయడానికి రాగీ నికెలూ అక్కర్లేదు, ఒక డ్రాయింగ్ కాగితం, దానికి కట్టుబడే మనసు చాలు.

కాబట్టి కొనేటప్పుడు ఒకే విడతలో, ఒకే లాట్ నుంచి కొనండి. ఎనిమిది యంత్రాలకు స్పేర్ల పెట్టె ఇలా ఉండాలి: మోటారు ఒకటి, గేర్‌బాక్స్ ఒకటి, సీళ్లు నాలుగు జతలు, బేరింగులు రెండు జతలు, షాఫ్టు బుష్‌లు ఎనిమిది, కప్లింగులు నాలుగు, బోల్టులు ఓ కిలో. అన్నీ డిసెంబరు, జనవరిలోనే తెచ్చిపెట్టుకోండి, అప్పుడు బేరం కూడా మన చేతిలో ఉంటుంది. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరాక రొయ్య ధర మీద దిగులుతో స్పేర్ల ఖర్చు దగ్గర చేయి వెనక్కి తీసుకున్నవాళ్లున్నారు. అర్థమవుతుంది, కానీ పంట వేశాక ఆదా చేయాల్సిన చోటు ఇది కాదు.

మోటారు కాలితే కొత్తది కొనాలా, వైండింగ్ (లోపలి తీగ మళ్లీ చుట్టించడం) చేయించాలా? పాత, బరువైన స్టేటరు ఉంటే కళ్లు మూసుకుని వైండింగే. భీమవరం, పాలకొల్లు, అమలాపురంలో పని తెలిసిన వైండింగ్ షాపులకు కొదవ లేదు, వాళ్లు రాగితో చుట్టిన పాత మోటారు ఇవాళ్టి కొత్త చవక మోటారు కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. కొన్ని షరతులు మాత్రం పెట్టండి. పాత చుట్టను గ్యాస్ మంట పెట్టి కాల్చి లాగొద్దని చెప్పండి, మంటకు స్టాంపింగ్ రేకుల మధ్య పూత పోయి మోటారు ఒట్టిగా తిరిగినా వేడెక్కుతుంది. పాత తీగ గేజీ మైక్రోమీటరుతో కొలిచి, చుట్లు లెక్కపెట్టి, అవే వేయాలి. స్లాటులో ఇన్సులేషన్ కోసం లెదరాయిడ్ కాగితంతోపాటు మిల్లినెక్స్ అనే ప్లాస్టిక్ పొర వేయమనండి. వార్నిష్ బ్రష్‌తో పూస్తే సరిపోదు, ముంచి తీయాలి, ఓవెన్లో పూర్తిగా ఆరాలి. సీజన్లో తొందర మీద 200 వాట్ల బల్బు పెట్టి రాత్రికి రాత్రి ఆరబెట్టి ఇచ్చేస్తారు, పైన గట్టిపడుతుంది, లోపల జిగటగానే ఉంటుంది. పాత రాగిని తూకం వేయించి, కొత్తగా వేసిన తీగ తూకం కూడా చిట్టీ మీద రాయించుకోండి. రెండూ దగ్గర దగ్గరగా ఉండాలి. తీసుకునే ముందు 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి చూపించమనండి, 1 మెగాఓమ్ కంటే తక్కువ చూపిస్తే అక్కడే వదిలేసి రండి.

కరెంటు వైపు తప్పును యంత్రం మీద వేయకూడదు కాబట్టి ఆ మాట కూడా. సాయంత్రం అందరూ స్టార్టర్లు వేసేసరికి చివరి ట్రాన్స్‌ఫార్మర్ మీద 360 వోల్టులు కనిపించడం కొత్త కాదు. మోటారు తిప్పే బలం వోల్టేజీ వర్గం (వోల్టేజీని వోల్టేజీతోనే గుణిస్తే వచ్చేది) మీద ఆధారపడుతుంది. 415కు బదులు 360 వస్తే బలం ముప్పాతిక వంతే మిగులుతుంది, నీళ్ల బరువు మాత్రం తగ్గదు, కాబట్టి ఆంపియర్లు పెరుగుతాయి. రాగి మోటారు ఓ గంట ఓర్చుకుంటుంది. ఓవర్‌లోడ్ రిలే (ఆంపియర్లు మించితే మోటారు ఆపేసేది) ఊరికే పడిపోతోందని 5 ఆంపియర్లకు తిప్పి పెడతారు చాలామంది, అప్పుడు రిలే ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. 3.4 దగ్గర ఉంచండి, పడిపోతుంటే ఎందుకు పడిపోతోందో చూడండి. ఫేజు పోతే ఆపేసే ప్రివెంటర్ ప్రతి స్టార్టరుకూ ఉండాలి. కేబుల్ నాలుగు కోర్లది, నాలుగోది ఎర్తు. లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చి) పెట్టండి. అది ఉన్నా సరే, మనిషి చెరువులో దిగే ముందు మెయిన్ ఆపాల్సిందే.

ఇక బేరం. అడగాల్సినవి బిల్లు మీద రాయించండి: వైండింగ్ రాగి, మోటారు ఐఎస్ 12615 ఐఈ2, ఫ్రేము, షాఫ్టు, బోల్టులు 304, గేర్ చక్రం ఏ లోహం, గేర్‌బాక్స్ మోడల్ నంబరు. ‘వారంటీ ఒక ఏడాది’ అని రాసి ఊరుకుంటారు. దాని కింద మోటారు కాలితే ఎన్ని రోజుల్లో ఇస్తారో, అంతవరకు మారు మోటారు ఇస్తారో లేదో రాయమనండి. రాయడానికి సణిగే షాపులు ఉన్నాయి, రాసే షాపులూ ఉన్నాయి. రాసేవాడు వెయ్యి రెండు వేలు ఎక్కువ చెప్పినా అతని దగ్గరే తీసుకోండి. ఇతర భాగాల్లో ఒకటి రెండు తగ్గినా సర్దుకోవచ్చు కానీ మోటారు, గేర్‌బాక్స్ మీద మాత్రం రాజీ పడొద్దు.

యంత్రం దించిన రోజు ఇంకో సంగతి చూసుకోండి. గేర్‌బాక్స్ పైన గాలి రంధ్రానికి రవాణాలో నూనె ఒలక్కుండా రబ్బరు బిళ్ల పెట్టి పంపుతారు. దాన్ని తీసి గాలి పోయే ప్లగ్గు బిగించకుండా నడిపితే, వేడికి లోపల ఒత్తిడి పెరిగి కొత్త సీలును మొదటి రాత్రే బయటికి తన్నేస్తుంది. ఆ ప్లగ్గు సాధారణంగా బోల్టుల పొట్లంలోనే ఉంటుంది. లేకపోతే ఆటో కదలక ముందే అడిగి తీసుకోండి.